సాక్షి లేని దాంపత్యం: ఒక నైతిక విచారణ

వివాహం చేసుకోవాలా, వద్దా అన్న ప్రశ్న సాధారణంగా పరిచయపు తొలినాళ్ళలో తలెత్తుతుంది. ఎదుటి వ్యక్తి గుణగణాలు ఎటువంటివి, కుటుంబం ఎటువంటిది, జీవితాంతం కలిసి నడవగలమా అన్న సందేహాలు అప్పుడు సహజం. అదే ప్రశ్న ఎనిమిదేళ్ళో పదేళ్ళో ఒకే ఇంట జీవించిన ఇద్దరి మధ్య తలెత్తితే దాని స్వరూపం పూర్తిగా మారిపోతుంది. ఎదుటివారి గుణగణాలు అప్పటికి తెలియనివి కావు. కోపం వస్తే ఎన్నాళ్ళు మాటలుండవో, జ్వరం వస్తే ఎవరు రాత్రంతా మేలుకొని కూర్చుంటారో, నెలాఖరున ఎవరి జీతం ఎవరి అవసరానికి అక్కరకు వస్తుందో ఇద్దరికీ తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే: ఇన్నాళ్ళుగా తాము గడుపుతున్న ఈ జీవితానికి పేరేమిటి?

దేశ రాజధాని ప్రాంతంలో ఈ ప్రశ్న నేడు అరుదైనది కాదు. తెలుగు జిల్లాలనుంచి సివిల్ సర్వీసుల శిక్షణకై రాజేంద్రనగర్‌కో ముఖర్జీనగర్‌కో, ఉన్నత విద్యకై ఇక్కడి విశ్వవిద్యాలయాలకో వచ్చిన యువతీయువకులు పలువురు ఇక్కడే స్థిరపడతారు. ఒకరికి గురుగ్రామ్‌లో ఉద్యోగం, మరొకరికి నోయిడాలో. నడుమ ఎక్కడో ఒక అద్దె ఇల్లు. విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్న తల్లిదండ్రులకు ఫోనులో సగమే చెప్పిన సంగతి. ఖర్చు కలిసివస్తుందని, ఒంటరితనం తీరుతుందని ఆరంభమైన సహజీవనం క్రమంగా ఉమ్మడి సామానుగా, ఉమ్మడి అప్పుగా, ఉమ్మడి అలవాట్లుగా పెరుగుతుంది. నిర్ణయం తీసుకోవలసిన రోజంటూ ఏనాడూ రాదు. పరీక్ష అయిన తరువాత, ప్రమోషను వచ్చిన తరువాత, చెల్లెలి పెళ్ళి జరిగిన తరువాత అంటూ వాయిదాలు పడుతుంటాయి. వాయిదా వేసినంత మాత్రాన నిర్ణయం ఆగదని, అది ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంటుందని గ్రహించడం ఈ విచారణకు తొలిమెట్టు.

గడిచిన కాలం

దీర్ఘకాలం కలిసి జీవించినవారు వివాహాన్ని గురించి యోచించేటప్పుడు రెండు అభిప్రాయాలు దారికి అడ్డు వస్తాయి. మొదటిది, వివాహాన్ని సర్వీసు నిండినవారికి లభించే పదోన్నతిగా భావించడం. పదేళ్ళు గడిచాయి గనుక పదకొండో ఏట పెళ్ళి జరగాలి, జరగకపోతే గడిచిన పదేళ్ళూ వృథా అన్నది ఈ వాదం. బంధుమిత్రుల పలకరింపులలోనూ ఇదే ధ్వని వినిపిస్తుంది. అయితే గడిచిన కాలం సాక్ష్యమే గాని తీర్పు కాదు. ఆ సాక్ష్యం వివాహానికి అనుకూలంగా ఉండవచ్చు, ప్రతికూలంగానూ ఉండవచ్చు. ఒకరి మాటకు మరొకరు విలువ ఇవ్వని పదేళ్ళు, ఒకరి ఉద్యోగంకోసం ప్రతిసారీ మరొకరే ఊరు మారిన పదేళ్ళు కూడా సాక్ష్యమే. నెర్రెలిచ్చిన గోడకు సున్నం వేస్తే పగుళ్ళు కొంతకాలం కనబడవు. గోడ మాత్రం బలపడదు. సడలిన బంధాన్ని బిగించడానికి తలపెట్టిన పెళ్ళి ఆ సున్నం వంటిది.

రెండవ అభిప్రాయం దీనికి విరుద్ధమైనది. ఇద్దరి మధ్య ప్రేమ ఉన్నప్పుడు ఒక కాగితంతో పనేమిటి అని ప్రశ్నించేవారిది ఈ పక్షం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. సర్టిఫికెట్టు మాత్రమే పెళ్ళి కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. హిందూ వివాహ చట్టం ప్రకారం అవసరమైన సంస్కారం జరగనిదే రిజిస్ట్రేషను పత్రం ఒక్కటే దాంపత్యాన్ని సృష్టించజాలదని తీర్పు చెప్పింది. ప్రేమికులు పరస్పరం మాట్లాడుకోవడానికి కాగితం అవసరం లేదన్నది సత్యమే. ఆ ఇద్దరిలో ఒకరు మాట్లాడలేని పరిస్థితి వచ్చినప్పుడు మూడో వ్యక్తితో ఎవరు, ఏ హోదాలో మాట్లాడాలన్నది వేరే ప్రశ్న.

ఈ రెండో ప్రశ్న ఊహామాత్రమైనది కాదు. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువుల జాబితాలో భార్యాభర్తలను, తల్లిదండ్రులను, సంతానాన్ని, తోబుట్టువులను చేర్చింది; 2011 సవరణ తాతలను, అవ్వలను, మనుమలను కూడా చేర్చింది. ఇరవై ఏళ్ళు కలిసి జీవించిన సహచరుడు ఆ జాబితాలో లేడు. తన మూత్రపిండం ఇవ్వదలిస్తే అతడు పరాయి వ్యక్తిగానే అధికార సంఘం ముందు హాజరై, ఆప్యాయతతోనే ఇస్తున్నానని ఒప్పించి, అనుమతి పొందవలసి ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా మరణించిన వ్యక్తి ఆస్తిలో సహచరికి వారసత్వ హక్కు లేదు. 2015లో బీమా చట్టానికి చేసిన సవరణ తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, సంతానం నామినీలుగా ఉన్నప్పుడు వారికి సొమ్ముపై లబ్ధిదారులుగా హక్కు కల్పించింది. ఇతర నామినీలకు ఆ రక్షణ లేదు. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారం జంటగా బిడ్డను దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ళ స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. ప్రభుత్వోద్యోగి మరణానంతరం కుటుంబ పింఛను ఎవరికి చెందుతుందో కార్యాలయాలలో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ నిబంధనలేవీ ప్రేమను కొలవడానికి ఏర్పడినవి కావు. ఆపద వేళ ఎవరి మాట చెల్లాలో ముందుగా నిర్ణయించి ఉంచడం వీటి పరమార్థం.

గాంధర్వంలో లోపించినది

కాగితం ఈనాటిది, సాక్షి ఆవశ్యకత ప్రాచీనమైనది. ధర్మశాస్త్రాలు పేర్కొన్న అష్టవిధ వివాహాలలో గాంధర్వం ఒకటి. స్త్రీ పురుషులిద్దరి ఇష్టమే దానికి ప్రాతిపదిక. పెద్దల ప్రమేయం గాని, పురోహితుని అవసరం గాని అందులో లేవు. కేవలం ఇష్టంతో ఏర్పడిన బంధాన్ని కూడా వివాహంగా గుర్తించిన ఆ ఔదార్యం విశేషమైనదే. అయితే ఆ బంధంలోని బలహీనతను సైతం మన వాఙ్మయమే నిర్మొహమాటంగా చూపించింది.

పదకొండో శతాబ్దంలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానం తెలుగు పాఠకులకు సుపరిచితం. కాళిదాసు నాటకంలో మునిశాపం, ఉంగరం అడ్డుపడి దుష్యంతుని మతిమరపునకు కారణమవుతాయి. భారత కథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. ఆశ్రమంలో కణ్వుడు లేని సమయంలో రాజు వివాహం ప్రతిపాదిస్తాడు. శకుంతల అమాయకంగా అంగీకరించదు. తనకు పుట్టబోయే కుమారునికి యువరాజపదవి దక్కాలని నియమం విధించి మరీ అంగీకరిస్తుంది. నేటి పరిభాషలో చెప్పాలంటే ఒప్పందపు షరతులన్నీ ఆమె ముందే మాట్లాడుకుంది. ఆ మాటలు విన్న మూడో మనిషి మాత్రం లేడు. కుమారునితో నిండు సభకు వచ్చినప్పుడు రాజు ఆమె ఎవరో తెలియదంటాడు. సత్యాన్ని గురించి ఆమె చేసిన వాదం మన సాహిత్యంలోనే అత్యున్నతమైన వాటిలో ఒకటి. అయినా ఆ వాదంవల్ల న్యాయం జరగలేదు. ఆకాశవాణి పలికితే తప్ప సభ నమ్మలేదు. తనకు అంతా తెలిసినా లోకం సందేహిస్తుందని సంకోచించానని రాజు తరువాత సమాధానం చెప్పుకుంటాడు.

ఈ కథలోని నీతి దుష్యంతుని నిందించడంతో ముగిసేది కాదు. ఇద్దరి మధ్య జరిగిన వాగ్దానం ఎంత నిజమైనదైనా, ఆ ఇద్దరిలో బలవంతుడు కాదంటే నిలబడలేదన్నది దాని సారాంశం. అగ్నిసాక్షి, అరుంధతీ దర్శనం, నలుగురి సమక్షం అన్న ఆచారాలన్నీ ఈ బలహీనతకు విరుగుడుగానే ఏర్పడ్డాయని భావించవచ్చు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా సప్తపది ఆచారమున్న చోట ఏడో అడుగుతో వివాహం పూర్తయి కట్టుబాటవుతుందని నిర్దేశించింది. సాక్షి లేని మాటకు భారం తక్కువ కాదు. అయితే ఆ భారం మోయవలసింది బలహీనులే అవుతారు.

న్యాయస్థానం వెదికిన మాట

ఆకాశవాణి లేని కాలంలో ఆ పాత్రను న్యాయస్థానాలు పోషించవలసి వచ్చింది. 1978లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన బద్రీప్రసాద్ వ్యాజ్యం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. సుమారు యాభై ఏళ్ళు భార్యాభర్తలుగా జీవించిన ఒక జంటకు అసలు పెళ్ళే జరగలేదని, ఆస్తి తగాదాలో ప్రత్యర్థి వాదించాడు. అర్ధశతాబ్దం కిందటి పెళ్ళిని ప్రత్యక్ష సాక్షులతో రుజువు చేయమనడం అన్యాయమని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అభిప్రాయపడ్డారు. దీర్ఘకాలం దంపతులుగా జీవించినవారిని దంపతులుగానే భావించాలని, కాదనేవారిపైనే రుజువు భారం ఉంటుందని తీర్పు వెలువడింది.

2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టం, వివాహం వంటి స్వభావం గల సంబంధంలో ఉన్న స్త్రీలకు కూడా రక్షణ కల్పించింది. ఏ సంబంధం అటువంటిదో నిర్ణయించడానికి 2010లో వేలుసామి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నాలుగు లక్షణాలను పేర్కొన్నది. ఆ ఇద్దరూ సమాజం ఎదుట దంపతులవలె మెలగాలి. వివాహవయస్సు కలిగి ఉండాలి. వివాహానికి చట్టరీత్యా అడ్డంకి ఉండరాదు. చెప్పుకోదగినంత కాలం స్వచ్ఛందంగా కలిసి జీవించి ఉండాలి. 2013లో ఇంద్రా శర్మ వ్యాజ్యంలో ఇదే న్యాయస్థానం మరింత విస్తృతంగా చర్చించింది. అయితే ఆ పురుషుడు అప్పటికే వివాహితుడు, ఆ విషయం ఆమెకు తెలుసు గనుక సుదీర్ఘ సహజీవనం చేసిన ఆ స్త్రీకి ఉపశమనం లభించలేదు. 2022లో కేరళకు చెందిన ఒక వ్యాజ్యంలో దీర్ఘకాల సహజీవనాన్ని వివాహంగా పరిగణించి, ఆ జంట కుమారునికి పూర్వీకుల ఆస్తిలో భాగం ఉందని నిర్ధారించింది.

ఈ తీర్పుల ఔదార్యం శ్లాఘనీయం. అయితే వాటిని వరుసగా చదివితే ఒక సామాన్య లక్షణం కనబడుతుంది. ప్రతి వ్యాజ్యమూ ఇద్దరిలో ఒకరు మరణించిన తరువాతనో, విడిచి వెళ్ళిన తరువాతనో మొదలైంది. సజీవులుగా, సఖ్యంగా ఉన్న కాలంలో ఇద్దరూ చెప్పి ఉంచవలసిన మాటను న్యాయమూర్తులు అద్దె రసీదులలో, రేషను కార్డులలో, ఇరుగుపొరుగుల వాఙ్మూలాలలో వెదుకవలసి వచ్చింది. అటువంటి వెదుకులాటలో న్యాయం దొరకవచ్చు. దొరికేసరికి జీవితంలో ఎక్కువ భాగం గడిచిపోయి ఉంటుంది.

వద్దనడానికి గల హేతువులు

ఇంతమాత్రాన దీర్ఘకాలం కలిసి ఉన్నవారందరూ వివాహం చేసుకొనితీరాలని చెప్పడం సబబు కాదు. వివాహ వ్యవస్థను నిరాకరించినవారి వాదాలలో బలమున్నది. కన్యను దానవస్తువుగా భావించిన సంప్రదాయాన్ని, స్త్రీ అభిమతంతో నిమిత్తం లేని దాంపత్యాన్ని గురజాడ, చలం వంటి రచయితలు ప్రశ్నించి శతాబ్దం దాటింది, లేదా దాటవస్తున్నది. ఆ ప్రశ్నలు నేటికీ పూర్తిగా పాతబడలేదు. పెళ్ళితోపాటు కట్నం, కులం, అత్తవారింటి పెత్తనం తలుపు తోసుకొని వస్తాయన్న భయంతో, ఇద్దరి మధ్య ఉన్న సమానత్వాన్ని కాపాడుకోవడానికే వివాహాన్ని దూరంగా ఉంచే జంటలు ఉన్నాయి.

ఈ మార్గానికి ఢిల్లీ నగరమే ఒక ఉదాత్తమైన ఉదాహరణను అందించింది. 1919లో గుజ్రాన్‌వాలాలో జన్మించి, దేశవిభజన తరువాత ఢిల్లీ చేరిన పంజాబీ కవయిత్రి అమృతా ప్రీతమ్ 1956లో సాహిత్య అకాడమీ పురస్కారాన్ని, తరువాత జ్ఞానపీఠాన్ని అందుకున్నారు. 1960లో భర్తనుంచి విడిపోయిన ఆమె, చిత్రకారుడు ఇమ్‌రోజ్‌తో హౌజ్‌ఖాస్‌లోని ఇంట్లో నాలుగు దశాబ్దాలపాటు కలిసి జీవించారు. వారు వివాహం చేసుకోలేదు. ఇద్దరూ కలిసి 'నాగమణి' అనే పత్రికను ఏళ్ళ తరబడి నడిపారు. ఒకే ఇంట్లో ఎవరి గది వారిది, ఎవరి పని వారిది. 2005 అక్టోబరు 31న ఆమె మరణించేవరకు ఆమెకు శుశ్రూష చేసినవారిలో ఇమ్‌రోజ్ ముఖ్యులు. ఆ తరువాత ఆ ఇల్లు అమ్ముడుపోయి, కూల్చివేతకు గురైంది. ఇమ్‌రోజ్ 2023 డిసెంబరు 22న ముంబయిలో, తొంభై ఏడేళ్ళ వయస్సులో కన్నుమూశారు.

ఈ జీవితాన్ని ఆదర్శంగా చూపేవారు దాని బాహ్యరూపాన్ని మాత్రమే గ్రహిస్తుంటారు. అమృత, ఇమ్‌రోజ్‌ల మధ్య వివాహం లేదు గాని, దాపరికమూ లేదు. ఢిల్లీ సాహిత్య లోకమంతా వారికి సాక్షి. ఇద్దరికీ స్వంత వృత్తులు, స్వంత వ్యక్తిత్వాలు ఉన్నాయి. పెళ్ళి చేసుకోకపోవడం వారి విషయంలో ఎంచుకున్న మార్గం. రోజులు గడుస్తుండగా తనంతట తాను ఏర్పడిన స్థితి కాదు. ఇద్దరూ ఎరిగి, ఇద్దరూ చెప్పి, ఇద్దరూ నిలబడిన నిర్ణయం ఒకటి. ఒకరు ఎదురు చూస్తుండగా మరొకరు మౌనం వహించడం వేరొకటి. బయటినుంచి చూసేవారికి రెండూ ఒకే విధంగా కనబడతాయి. లోపల వాటి నైతిక విలువలో ఎంతో అంతరం ఉంది.

సుదీర్ఘ సాన్నిహిత్యం తరువాత వివాహాన్నే ఎంచుకున్నవారి చరిత్రనుంచి కూడా నేర్వవలసినది ఉంది. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్, హారియెట్ టేలర్‌ల పరిచయం 1830లో ఏర్పడింది. ఆమె వివాహిత. 1849లో ఆమె భర్త మరణించగా, 1851లో ఇరువురూ వివాహం చేసుకున్నారు. నాటి ఇంగ్లండు చట్టం భార్య ఆస్తిపైనా, వ్యక్తిత్వంపైనా భర్తకు విపరీతమైన అధికారాలు ఇచ్చేది. వాటిని వదులుకోవడానికి చట్టంలో మార్గం లేదు. మిల్ పెళ్ళికి ముందే, 1851 మార్చి 6న ఒక ప్రకటన వ్రాసి, ఆ అధికారాలను తాను నిరసిస్తున్నానని, ఎన్నడూ వినియోగించనని మాట ఇచ్చాడు. చట్టరీత్యా ఆ పత్రం చెల్లదు. నైతికంగా దాని విలువ అపారం. వ్యవస్థలో లోపమున్నంత మాత్రాన అందులో ప్రవేశించే వ్యక్తి చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదని, తన వంతు సవరణ తాను చేసుకోగలడని అది నిరూపించింది. తెలుగునాట కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి వధూవరులకు అర్థమయ్యే తెలుగు భాషలో వివాహవిధిని రచించిన సందర్భం కూడా ఇటువంటిదే. చెప్పే మాట చెప్పేవారికే తెలియనప్పుడు అది ప్రమాణం ఎట్లా అవుతుందన్న ప్రశ్న అందులో అంతర్లీనంగా ఉంది.

సాక్షి శత్రువైనప్పుడు

సాక్షి కావాలనడం సులభం. పిలిచిన సాక్షి హితుడే కావాలన్న నియమం లేదు. కులాంతర, మతాంతర జంటలు చాలాకాలం కలిసి ఉన్నా వివాహానికి వెనుకాడటానికి ఇదొక ప్రధాన కారణం. మతంతో నిమిత్తం లేని వివాహానికి అవకాశమిచ్చిన 1872 నాటి మొదటి చట్టం, వధూవరులు తమకు హిందూ, క్రైస్తవ, ఇస్లాం మొదలైన మతాలతో సంబంధం లేదని ప్రకటించాలని కోరింది. 1923 సవరణ ఆ నిర్బంధాన్ని కొంత సడలించింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం పూర్తిగా తొలగించింది. అయితే ఆ చట్టం ప్రకారం వధూవరులలో కనీసం ఒకరు ముప్పై రోజులుగా నివసిస్తున్న జిల్లా వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ముప్పై రోజులు ప్రదర్శితమవుతుంది. ఒకరు హర్యానాలోను, ఒకరు ఉత్తరప్రదేశ్‌లోను పనిచేస్తూ, ఏడాదికొకసారి ఇల్లు మారే రాజధాని ప్రాంతపు జంటకు ఈ నివాస నిబంధన చిన్న చిక్కే. ఇంటివారి ఆగ్రహానికి భయపడే జంటకు ఆ ముప్పై రోజులూ గండమే.

న్యాయస్థానాలు ఈ ప్రమాదాన్ని గుర్తించకపోలేదు. నోటీసులను వధూవరుల ఇళ్ళకు పంపడం చట్టంలో లేదని, అది వారి గోప్యతకు, ఒక్కొక్కప్పుడు ప్రాణాలకే ముప్పు కాగలదని 2009లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. నోటీసు ప్రచురణ వధూవరుల ఇష్టానికే వదలాలని 2021లో అలహాబాదు హైకోర్టు అభిప్రాయపడింది. ఇద్దరు వయోజనుల వివాహంలో ఖాప్ పంచాయతీల జోక్యం చట్టవిరుద్ధమని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరోవైపు 2025 జనవరి 27నుంచి ఉత్తరాఖండ్‌లో అమలులోకి వచ్చిన ఉమ్మడి పౌరస్మృతి, సహజీవనాన్ని సైతం తప్పనిసరిగా నమోదు చేయాలన్నది. జంట తాను కోరి పిలుచుకున్న సాక్షికీ, పిలవకుండానే గడపలో నిలిచిన సాక్షికీ ఉన్న భేదం విస్మరించరానిది. మొదటివాని సమక్షంలో మాట బలపడుతుంది; రెండవవాని సమక్షంలో మాట దాక్కుంటుంది.

వివాహం కోరి కూడా పొందలేనివారి సంగతి మరొకటి. హైదరాబాదుకు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌లు దాదాపు పదేళ్ళ సాహచర్యం తరువాత 2021 డిసెంబరులో బంధుమిత్రుల సమక్షంలో ఉంగరాలు మార్చుకున్నారు. పెద్దలున్నారు, సాక్షులున్నారు, చట్టం మాత్రం లేదు. ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలని 2022లో వారు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. వివాహం చేసుకునే ప్రాథమిక హక్కు రాజ్యాంగంలో లేదని, చట్టం చేయవలసింది శాసన వ్యవస్థేనని 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అటువంటి జంటల అవసరాలను పరిశీలించడానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన సంఘాన్ని నియమిస్తామన్న ప్రభుత్వ హామీని నమోదు చేసింది. పునస్సమీక్ష అభ్యర్థనలు 2025 జనవరిలో తిరస్కృతమయ్యాయి. ఈ వ్యాజ్యంపై ఎవరి అభిప్రాయం ఏదైనా, ఒక విషయం ఆలోచింపజేస్తుంది. పెళ్ళి ఒక కాగితమేనని తేలికగా అనగలిగేవారు, ఆ కాగితం ఏ క్షణాన కోరినా లభించేవారే. దానికోసం దేశ అత్యున్నత న్యాయస్థానం వరకు నడిచినవారు దాని బరువు ఎరుగుదురు.

కాలం ఇద్దరికీ ఒకటి కాదు

ఇన్ని పక్షాలను పరిశీలించిన తరువాత మొదటి ప్రశ్నకు తిరిగి రావలసి ఉంటుంది. ఏళ్ళ తరబడి కలిసి జీవించినవారు పెళ్ళి చేసుకోవాలా, వద్దా? చేసుకోవడమూ ధర్మబద్ధం కావచ్చు, చేసుకోకపోవడమూ కావచ్చునని పై ఉదాహరణలు చెబుతున్నాయి. ఒక్క మూడో మార్గానికి మాత్రం సమర్థన లభించడం లేదు. అది, ఎదుటివారు ఎదురు చూస్తున్నారని తెలిసి కూడా జవాబు చెప్పకపోవడం.

ప్రతి ఉదయమూ స్వేచ్ఛగా మళ్ళీ ఎంచుకోవడమే నిజమైన ప్రేమ, వాగ్దానం దానిని బంధిస్తుంది అన్న వాదం వినసొంపైనది. ఇద్దరికీ ఆ స్వేచ్ఛ సమానంగా ఉన్నప్పుడు అది సత్యమే. పదేళ్ళ తరువాత ఆ సమానత్వం సాధారణంగా మిగలదు. ఒకరు రెండో నగరంలోని ఉద్యోగాన్ని వదులుకొని వచ్చి ఉంటారు. ఒకరు తల్లిదండ్రులతో మాటలు పోగొట్టుకొని ఉంటారు. మాతృత్వాన్ని కోరే స్త్రీకి ముప్పైయవ ఏడూ నలభైయవ ఏడూ ఒకటి కావు. పురుషునికి ఆ తేడా అంతగా తెలియదు. విడిపోతే ఒకరు కొత్త జీవితం ఆరంభించగలరు, మరొకరికి సమాజం ఆ అవకాశాన్ని అంత సులభంగా ఇవ్వదు. గడియారం ఒకటే అయినా కాలం ఇద్దరికీ ఒకే వేగంతో గడవదు. నిర్ణయాన్ని వాయిదా వేసే వ్యక్తి తన కాలాన్నే కాక ఎదుటివారి కాలాన్ని కూడా ఖర్చు చేస్తుంటాడు. అప్పు తీసుకున్నవాడు చెల్లిస్తానో చెల్లించనో చెప్పకుండా వడ్డీ మాత్రం పెరగనివ్వడం వంటిది ఇది.

కనుక ఈ సందర్భంలో మొదటి ధర్మం పెళ్ళి చేసుకోవడం కాదు, మాట చెప్పడం. వద్దని మనస్సులో నిశ్చయమై ఉంటే, ఆ సంగతి ఎదుటివారికి ఇంకా దారులు తెరచి ఉన్నప్పుడే చెప్పాలి. కఠినంగా తోచినా ఆ మాటే కరుణ. కలిసి ఉంటాము గాని వివాహం చేసుకోమని ఇద్దరూ నిశ్చయించుకుంటే, వివాహం ఒక్క సంతకంతో సమకూర్చే రక్షణలను వారు తమ చేతులతో సమకూర్చుకోవాలి. వీలునామా వ్రాయడం, ఇల్లు కొంటే ఇద్దరి పేర్లూ పెట్టడం, బ్యాంకు ఖాతాలలో నామినీని నమోదు చేయడం, అనారోగ్యంలో ఎవరి మాట వినాలో కుటుంబీకులకు ముందుగా తెలియజేయడం ప్రేమకు కళంకం కావు. స్వేచ్ఛను కోరినవారు దాని ఖర్చును కూడా తామే భరించాలి, మరొకరిచేత భరింపజేయరాదు. వివాహమే కావాలని నిశ్చయించుకుంటే, మిల్ వలె ఏ అధికారాలను వినియోగించబోమో కూడా చెప్పుకోవడం ఉచితం. ఎవరి ఉద్యోగంకోసం ఎవరు ఊరు మారాలి, ఎవరి తల్లిదండ్రుల బాధ్యత ఎవరిది, ఇంటి పని ఎవరెంత అన్న ప్రశ్నలకు పదేళ్ళ అలవాటు ఇచ్చిన జవాబే న్యాయమైన జవాబు కానక్కరలేదు.

ఇటువంటి సంభాషణ కష్టమైనది. ఏళ్ళ తరబడి దగ్గరగా ఉన్నవారికే అది మరింత కష్టం. కొత్తవారి మధ్య మొహమాటం మాటను ఆపితే, పాతవారి మధ్య అలవాటు ఆపుతుంది. అడిగితే బంధం చెడుతుందేమోనన్న భయంతో అడగనివారు, అడిగితేనే చెడిపోయే బంధం ఎంత గట్టిదో ఆలోచించడం మేలు.

ప్రత్యేక వివాహ చట్టంలోని పన్నెండో సెక్షనులో అంతగా గుర్తింపునకు రాని ఒక నిబంధన ఉంది. వివాహం ఏ పద్ధతిలోనైనా జరుపుకోవచ్చునని అది చెబుతుంది. అయితే వివాహాధికారి ఎదుట, ముగ్గురు సాక్షుల ఎదుట, ఇద్దరూ తమకు అర్థమయ్యే భాషలో ఒకరినొకరు స్వీకరిస్తున్నట్లు నోరు తెరచి చెప్పనిదే ఆ వివాహం పూర్తి కాదని నిర్దేశిస్తుంది. ఆ భాష ఇంగ్లీషు కానక్కరలేదు, హిందీ కానక్కరలేదు. ఢిల్లీలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో, ఫైళ్ళ మధ్య నిలబడి, ఆ మాటను తెలుగులోనూ చెప్పవచ్చు. చట్టం కోరినది ఇంతే: మాట ఇద్దరికీ తెలిసినదై ఉండాలి, పైకి వినబడాలి, విన్నవారు ముగ్గురుండాలి. ఆ కార్యాలయం మెట్లెక్కదలచినా, ఎన్నటికీ ఎక్కవద్దని నిశ్చయించుకున్నా, ఇన్నేళ్ళు కలిసి నడిచిన ఇద్దరు ఒకరికొకరు బాకీ ఉన్నది ఆ వినబడే మాటే.